సగమా, మూడో వంతా

మహేశ్వరి మా కాలేజీలో చేరిన మొదటి రోజు స్టాఫ్ రూంలో ఒక పెద్దాయన అడిగాడు, "మీదే ఊరమ్మా?" అని.

"ఈ ఊరే సార్. స్టేషన్‌కు అవతల."

"నాయన ఏం చేస్తాడు?"

"బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పని. అమ్మ కూలికి పోతాది. మేం క్రిస్టియన్లం."

ఆయన తర్వాత అడగబోయేదానికి కూడా ముందే జవాబు చెప్పేసి, కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచింది. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నా డబ్బా కూడా తీసుకుని ఆమె పక్కకు వెళ్లి కూర్చున్నాను.

అది తొంభై ఏడు. తాడిపత్రిలో మాది ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. నేను తెలుగు చెప్పేదాన్ని, ఆమె ఫిజిక్స్. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది కాబట్టి ప్రసూనక్కా అని పిలిచేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి ఆగేది కాదు. పిల్లలు అర్థం కాలేదంటే కోప్పడేది కాదు గానీ, అర్థం కాకుండానే అయిందంటే మాత్రం ఊరుకునేది కాదు.

న్యూట్రినో అన్న పేరు నేను మొదట ఆమె నోటే విన్నాను. మరుసటి ఏడు జూన్‌లో, కాలేజీ తెరిచిన రోజుల్లో, పేపరు లోపలి పేజీలో వేరుశనగ విత్తనాల వార్త కింద నాలుగు వేళ్ల వెడల్పు ముక్క ఒకటి పడింది. మహేశ్వరి దాన్ని నిలబడి చదివింది, కూర్చుని మళ్లీ చదివింది.

"అక్కా, పోయిన ఏడు నేను పిల్లోళ్లకు సున్న అని చెప్పినా."

"ఏది సున్న?"

అప్పుడు చెప్పింది. న్యూట్రినో అని ఒక కణం ఉంది. సూర్యుడిలో పుడుతుంది, పైన గాలిలోనూ పుడుతుంది. మనలోంచి, గోడలోంచి, భూమి ఈ పక్క నుంచి ఆ పక్కకు దూరిపోతుంది. దాదాపు దేన్నీ తాకదు. అవి మూడు రకాలు. వాటికి బరువు లేదని పుస్తకాల్లో రాసి ఉంది. పుస్తకాల మాట ద్రవ్యరాశి. ఆమె మాత్రం మాట్లాడేటప్పుడు బరువు అనే అనేది, అది సరైన మాట కాదని తెలిసినా. ఇప్పుడు జపాన్‌లో కొండ కింద ఒక పాత గనిలో పెద్ద నీళ్ల ట్యాంకు కట్టి కనిపెట్టి చూస్తే, దారిలో ఒక రకం ఇంకో రకంగా మారుతోందని తెలిసింది.

"మారితే ఏమి?"

"బరువు లేనిది వెలుగంత వేగంగా పోతాదక్కా. అంత వేగంలో దానికి కాలం గడవదు. కాలం గడవనిది మారలేదు. మారిందంటే దానికి కాలం గడిచినట్టే. అంటే బరువున్నట్టే."

నేను ట్యాంకు గురించి అడిగాను. యాభై వేల టన్నుల నీళ్లు, తాగే నీళ్లకంటే శుభ్రమైనవి అని చెప్పింది. ఆ ఏడు మా వీధికి నీళ్ల ట్యాంకరు వారానికి ఒకసారి వచ్చేది.

"సరే, ఒక కొత్త సంగతి తెలిసింది. మంచిదే కదా," అన్నాను.

"మంచిదే. కానీ ఆ బరువు యాడనుంచి వచ్చినాదో ఎవరికీ తెలీదు. దానికి చోటే లేదు ఇప్పుడున్న సిద్ధాంతంలో."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో ఉన్నది ఆశ్చర్యం కాదు, ఆకలి. అలా అనిపించింది నాకు.

ఎమ్మెస్సీలో ఆమెకు పాఠం చెప్పిన నరసింహప్ప సార్ అనంతపురం యూనివర్సిటీలో ఇంకా పని చేస్తూ ఉన్నారు. మడకశిర వైపు మనిషి. మాటల్లో కన్నడం దొర్లుతుంది. బుక్కరాయసముద్రంలో ఇల్లు కట్టుకుని ఉండేవారు. మహేశ్వరి ఆయన దగ్గరికి వెళ్లి, ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ చేస్తానంది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

"నా దగ్గర మంచి కంప్యూటర్ లేదు. కొత్త పేపర్లు చేతికి రావాలంటే ఆర్నెల్లు. ఏం చూసి వచ్చినావు?" అన్నారు.

"ప్రశ్న ఉండాది కదా సార్."

ఆయన ఆమెను కూర్చోబెట్టి రెండు దారులు చెప్పారట. ఆమె వాటిని నాకు చాలాసార్లు చెప్పింది కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. మామూలు కణాలకు ఎడమ వాటం, కుడి వాటం అని రెండు ఉంటాయి. బరువు రావాలంటే ఆ రెండూ జతపడాలి. న్యూట్రినోలో ఎడమ వాటమే కనిపించింది, కుడిది ఎవరూ చూడలేదు. అందుకే పాత సిద్ధాంతం దానికి సున్న వేసి పెట్టింది. ఇప్పుడు సున్న కాదని తేలింది గనుక, ఒక దారి ఏమిటంటే, కుడి వాటం ఉంది గానీ అది ఊహకు అందనంత బరువైనది. అది ఎంత బరువైతే మన న్యూట్రినో అంత తేలిక. బావిలో నీళ్లు తోడే ఏతంలో ఒక పక్క దిగితే ఇంకో పక్క లేచినట్టు. రెండో దారిలో కుడి వాటంతో పని లేదు. మనం ఇంకా చూడని వేరే కణాలు కొన్ని ఉంటాయి. న్యూట్రినో లిప్తపాటు వాటితో కలిసి ఒక చుట్టు తిరిగి వస్తుంది. ఆ తిరుగుడులో దానికి కాస్త బరువు అంటుకుంటుంది. చుట్టుదారి కాబట్టి అంటుకునేది చాలా కొంచెం.

రెండో దారి సార్ కనిపెట్టింది కాదు. ఎవరో ముందే వేసిందే. కానీ అందులో ఒక పక్కదారి ఆయనది. వయసులో ఉన్నప్పుడు మొదలుపెట్టి, పిల్లల చదువులూ యూనివర్సిటీ గొడవల్లో పడి వదిలేసినది. మహేశ్వరి దాన్నే ఎంచుకుంది.

"మొదటిది అందరూ నమ్ముతాండారు కదా, అదే చేసుకోరాదా," అని నేనన్నాను.

"అది బాగుంటాది అక్కా. కానీ ఎప్పటికీ దొరకనంత బరువైనదాన్ని పెట్టుకొని ఏం తేల్చుకొంటాం? సార్‌ది అట్ల కాదు. తప్పయితే తప్పని మన కాలంలోనే తేలిపోతాది."

తొంభై తొమ్మిదిలో పీహెచ్‌డీలో చేరింది. ఇబ్బంది సైన్సు నుంచి రాలేదు, వాళ్లమ్మ నుంచి వచ్చింది. పెద్దక్క ఆమె పేరు. సార్‌కు తీరిక ఆదివారం. పెద్దక్కకు ఆదివారం చర్చి. "వారంలో ఆరు దినాలు నీ కాలేజీకి ఇచ్చినావు, ఒక దినం దేవునికి ఇచ్చేదానికి ఏం పుట్టె?" అని ఆమె వంట మానేసి కూర్చుంది. మహేశ్వరి వాదించలేదు. సార్‌తో మాట్లాడి శనివారం మధ్యాహ్నానికి మార్చుకుంది. శనివారం రెండు పీరియడ్లు అయ్యాక బస్సెక్కేది, రాత్రి భోజనాల వేళకు తిరిగొచ్చేది. ఆదివారం చర్చిలో అమ్మ పక్కన కూర్చునేది. ప్రసంగం నడుస్తుంటే వేలితో తొడమీద లెక్కలు చేసేదని పెద్దక్కే నాకు చెప్పింది. అది మాత్రం చూసీచూడనట్టు పోయిందట.

తండ్రి యేసన్నది వేరే తీరు. ఆయనకు కూతురి పని ఏమిటో పూర్తిగా తెలియదు, తెలిసినట్టు నటించడు. కానీ నలుగురికీ చెప్పుకోవడం ఇష్టం. ఫ్యాక్టరీలో ఒకసారి, నల్ల బండ మీద నీళ్లు కొడుతూ, "మా పాప బరువు లేదనుకున్నదానికి బరువు యాడనుంచి వచ్చినాదో కనుక్కొంటాండాది," అన్నాడట. పక్క మిషన్ మీదున్న కదిరప్ప, "బరువు సంగతి యూనివర్సిటీ దాకా ఏంటికప్పా, పొద్దస్తమానం బండలెత్తే మనల్నడిగితే చెప్పేవాళ్లం కదా," అన్నాడు. ఫ్యాక్టరీ అంతా నవ్విందట. యేసన్న ఆ మాటను ఇంటికి తెచ్చి కూతురికి చెప్పి ఇంకోసారి నవ్వాడు.

రెండువేలలో ఆమెకు పెళ్లయింది. భర్త ప్రతాప్, సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. మాట తక్కువ. సంబంధం మాట్లాడేటప్పుడు మహేశ్వరి తన శనివారాల గురించి ముందే చెప్పింది. "నాకు శనివారాలు డ్యూటీనే. నీ శనివారాలు నీవే పెట్టుకో," అన్నాడట. అంతకంటే పెద్ద మాట అతను ఎప్పుడూ చెప్పలేదని ఆమె నవ్వుతూ అనేది.

ఆ రెండేళ్లలో పని బాగా సాగింది. సార్ వదిలేసిన పక్కదారిని ఆమె ముందుకు తీసుకుపోయింది. అందులోంచి ఒక జవాబు వచ్చింది. ఎవరైనా కొలిచి చూడగల జవాబు. సూర్యుడిలో పుట్టిన న్యూట్రినోలు భూమికి వచ్చేసరికి ఎన్ని పుట్టిన రకంగానే మిగిలి ఉంటాయి అన్నదానికి, ఈ సిద్ధాంతం నిజమైతే, దాదాపు సగం అని వచ్చింది. ఆ రోజు స్టాఫ్ రూంలో నా భుజం పట్టుకుని, "సగం అక్కా," అంది. ఏది సగమో అర్థం కాకపోయినా నేను కూడా సంతోషపడ్డాను. చిన్న వ్యాసం ఒకటి అచ్చయింది. థీసిస్ రాయడం మొదలుపెట్టింది.

కెనడాలో ఒక నికెల్ గని అడుగున, భారజలం నింపిన పెద్ద గోళం పెట్టి సరిగ్గా దీన్నే కొలుస్తున్నారని ఆమెకు తెలుసు. ఎదురుచూసింది కూడా.

రెండువేల రెండు ఏప్రిల్. పరీక్షల పేపర్లు దిద్దే పని మీద అనంతపురం వెళ్లింది. పని కాగానే టవర్ క్లాక్ దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చుంది. పేజీ తెరుచుకునేసరికి కరెంటు పోయింది. వచ్చేదాకా మెట్ల మీద కూర్చుని, వచ్చాక ప్రింటు తీయించుకుని తాడిపత్రి బస్సెక్కింది. సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి చదివింది. కెనడా వాళ్లు కొలిచినది సగం కాదు. మూడో వంతు.

బస్సు బుక్కరాయసముద్రం దగ్గరికొచ్చేసరికి కండక్టర్‌తో ఆపమంది. టికెట్టు తాడిపత్రికి కదమ్మా అన్నాడు అతను. ఈడే దిగుతానంది. చెరువు ఎండి నెర్రెలు బారి ఉంది. ఆ పక్కగా నడిచి సార్ ఇంటికి వెళ్లింది. ఆయన లుంగీ బనియన్‌తో పెరట్లో కరివేపాకు చెట్టుకు బకెట్టుతో నీళ్లు పోస్తున్నారు.

"మూడో వంతు సార్," అంది.

ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని, లోపలికి పోయి కళ్లద్దాలు తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నారు. అన్ని పేజీలూ చదివారు. చివరి పేజీ అయ్యాక మళ్లీ మొదటి పేజీకి వచ్చారు.

"మొదటి కొలత కదా. కొలతలో తేడాలుంటాయి."

"తేడా ఎంతో వాళ్లే రాసినారు సార్. దాన్ని ఎంత లాగినా సగం దాకా రాదు."

"ఏడాది ఆగి చూద్దాం."

"సార్—"

"ఆగి చూద్దామంటాండాను కదా," అన్నారు ఆయన. గొంతు పెరిగింది. లోపలి నుంచి వాళ్ల ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మహేశ్వరి తాగి, వచ్చే బస్సుకు ఇంటికి వచ్చేసింది.

మర్నాడు మా ఇంటికి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. వేయించిన శనక్కాయలు పెడితే ఒక్కొక్కటే ఒలిచి, పప్పులన్నీ ప్లేటులో ఒక పక్కకు పెట్టింది. తినలేదు.

"నీ లెక్కలో యాడన్నా తప్పు పోయిందా?" అని అడిగాను.

"లేదక్కా. ఉంటే బాగుండు. దిద్దుకొనేదాన్ని."

ఆ వేసవంతా ఆమె పుస్తకం తెరవలేదు. అమ్మకు ఇంటి పనిలో సాయం చేసింది, చర్చిలో పిల్లలకు పాటలు నేర్పింది. కాలేజీ తెరిచాక ఒకరోజు, ఏమీ అడక్కుండానే, "నాకు ఒక సంగతి తెలియాల అక్కా," అంది. "మా సిద్ధాంతం ఎట్ల తిప్పినా మూడో వంతు రాదా? లేదంటే మేం సరిగ్గా తిప్పలేదా? అది తెలియకుండా వదిలేస్తే నాకు అన్నం సహించదు."

మళ్లీ శనివారాలు మొదలయ్యాయి. సార్ దగ్గరికి కాదు, యూనివర్సిటీ లైబ్రరీకి. సెప్టెంబర్‌కు ఆమెకు తెలిసిపోయింది. ఆ సిద్ధాంతంలో మార్చడానికి వీలున్న ప్రతిదాన్నీ మార్చి చూసింది. జవాబు సగం దగ్గరే తిరుగుతుంది తప్ప మూడో వంతుకు దిగదు. ఒకటీ రెండూ చూసి చెప్పడం కాదు, ఎప్పటికీ దిగదని నిరూపించింది. దాన్ని థీసిస్‌లో ఆఖరి అధ్యాయంగా పెడతానని సార్‌తో చెప్పింది.

ఆయన ఒప్పుకోలేదు. కొలతల ఊసెత్తకుండా ఉన్నది ఉన్నట్టు సమర్పించమన్నారు. పని మొదలయినది కొలతకు ముందు కాబట్టి ఎవరూ తప్పు పట్టరన్నారు.

"మొదటి పేజీలో సిద్ధాంతం చెప్పి, కడా పేజీలో అది చచ్చిపోయిందని రాస్తావా? చదివేటోడు ఏమనుకొంటాడు?"

"నిజం రాసినాది అనుకొంటాడు సార్."

"అది నీకు మూడేండ్ల పని. నాకు ఇరవై ఏండ్లది." కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "నాకు కొన్నాళ్లు టైమియ్యి," అన్నారు.

ఇవ్వక ఏం చేస్తుంది. ఆయన సంతకం లేకుండా థీసిస్ కదలదు. కానీ ఆమె బాధ సంతకం గురించి కాదు. "సార్‌ను నేను నొప్పించినా," అంది నాతో. "వయసులో ఉన్నప్పుడు మొదలుపెట్టినదాన్ని నమ్మి నా చేతికిచ్చినాడు. నేను దాన్ని పట్టుకుపోయి ఏం చేసినా చూడు."

డిసెంబర్‌లో జపాన్ నుంచి ఇంకో కొలత వచ్చింది. ఈసారి సూర్యుడివి కాదు, అణు విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే న్యూట్రినోలు. కథ అదే. కెనడా వాళ్లు పొరబడలేదని తేలింది. ఆమె దాన్ని సార్‌కు పంపలేదు. ఆయనకే తెలిసి ఉంటుందంది.

జనవరిలో ఒక ఆదివారం పెద్దక్క నన్ను పాయసం తినడానికి పిలిచింది. మహేశ్వరికి అప్పుడు ఏడో నెల. వాళ్ల ఇంటి ముంగిట ఫ్యాక్టరీలో పగిలి మిగిలిన బండ ముక్కలు పరిచి ఉంటాయి, నల్లవి, ఎర్రవి, ఆకుపచ్చవి, ఏ ముక్కకు ఆ ముక్క పాలిష్. యేసన్న చేతిపని. అక్కడే ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నాం. గేటు దగ్గర నరసింహప్ప సార్ కనిపించారు. చేతిసంచీ పట్టుకుని, ఇదేనా ఇల్లు అన్నట్టు చూస్తున్నారు. ఆయన ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి.

మహేశ్వరి లేవబోయింది. "కూర్చోమ్మా," అన్నారు. పెద్దక్క కొంగు సర్దుకుని కాఫీకి లోపలికి పోయింది. యేసన్న తన కుర్చీ ఆయనకు ఇచ్చి తాను గడప మీద కూర్చున్నాడు. కాసేపు ఎండ గురించి, బస్సు గురించి మాట్లాడుకున్నారు. యేసన్నకు డొంకతిరుగుడు మాటలు రావు.

"సార్, మా పాప లెక్క తప్పు పోయిందంట కదా," అన్నాడు.

"లెక్క తప్పు పోలేదు యేసన్నా. లెక్క సరిగ్గా ఉండాది. లోకం వేరే లెక్క ప్రకారం నడుస్తాండాది."

"అట్లయితే చేసిందంతా వృథానా?"

సార్ సంచీలోంచి కాయితాల కట్ట తీసి మహేశ్వరి చేతిలో పెట్టారు. ఆయన చేతిరాత. "మూడు నెలలు కూర్చున్నా. దీన్ని ఎట్లైనా కాపాడల్లని. నీవు చూడని సందు ఏదన్నా ఉంటాదేమో అని." గ్లాసులో కాఫీ వస్తే అందుకుని, కింద పెట్టారు. "లేదు. పైగా నీ నిరూపణలో ఒక చోట కొంచెం వదులుండాది. దాన్ని నేను బిగించినా. కాపాడల్లని కూర్చుని, నీకంటే గట్టిగా చంపినా."

మహేశ్వరి కాయితాలు తిప్పుతోంది. మూడో పేజీలో ఆగిపోయింది. చాలాసేపు చదివి, "ఇది నాకు తట్టలేదు సార్," అంది. "ఎంత చిన్నగా వచ్చేసినాదో."

"వచ్చినాది కదా," అన్నారు ఆయన. ఆ మాటలో దుఃఖం ఉందని నేననుకున్నాను. మొహం చూస్తే అలా లేదు. పద్యం ఒకటి బాగా కుదిరినప్పుడు మా గురువుగారి మొహం అట్లా ఉండేది.

"ఇంకోటి చెప్తా విను. మనం సులువు కోసం మొదట్లో ఒకటి అనుకొన్నాం. కొత్త కణాల్లో ఒక జంట ఉండాది కదా, అందులో ఒకటే మిగతావాటికి బరువిస్తాదని. రెండూ ఇస్తాయంటే ఏమవుతాది?"

మహేశ్వరి తలెత్తింది. "అప్పుడు సగానికి కట్టుబడక్కర్లేదు."

"నేను లెక్క చేయలేదు. అది నీ పని. నాకు మార్చిలో రిటైర్మెంటు."

ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. యేసన్న కాసేపు విని, నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు, "బాగున్నట్టేనా మేడం?" అని. బాగున్నట్టే అన్నాను. పాయసం చల్లారిపోతోందని పెద్దక్క లోపలి నుంచి రెండుసార్లు పిలిచింది. సార్ రెండు గిన్నెలు తిన్నారు.

మార్చిలో ఆయన రిటైరయ్యారు, అదే నెలలో మహేశ్వరికి ఆడపిల్ల పుట్టింది. ఆశ్రిత అని పేరు పెట్టారు. ఆ ఏడాది చివర్లో థీసిస్ వెళ్లింది, ఆఖరి అధ్యాయంతో సహా. ఆ అధ్యాయాన్ని ఇద్దరి పేరుతోనూ విడిగా వ్యాసంగా పంపారు. అదీ అచ్చయింది.

రెండువేల నాలుగులో వైవాకు బెంగుళూరు నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చారు. వైవా అందరూ వినొచ్చంటే నేను, ప్రతాప్ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాం. చంటిపిల్ల ప్రతాప్ ఒళ్లో నిద్రపోతోంది. మహేశ్వరి చెప్పడం అయ్యాక ఆయన అడిగారు, ఇన్నేళ్లు ఒక సిద్ధాంతం మీద పని చేసి చివరికి అది నిజం కాదని తేల్చారు, దీనివల్ల ఏం మిగిలింది అని. ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగారు.

"న్యూట్రినోకు బరువు యాడనుంచి వచ్చిందో ఇంతకుముందు నాకు తెలీదు సార్, ఇప్పుడూ తెలీదు," అంది మహేశ్వరి. ఇంగ్లీషులోనే చెప్పింది, నేను నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను. "కానీ ఇటు నుంచి మాత్రం రాలేదని ఇప్పుడు తెలుసు. ఇంతకుముందు అది ఎవరికీ ఇంత గట్టిగా తెలీదు. ఇంకెవరూ ఈ దారిలో ఏళ్లు పోగొట్టుకోనక్కర్లేదు."

ఆయన ముందున్న థీసిస్ మూసి, "మీరు పోగొట్టుకున్నారని అనుకుంటున్నారా?" అన్నారు.

"లేదు సార్. నేను దారి నేర్చుకొన్నాను."

డిగ్రీ వచ్చింది. జీవితం పెద్దగా మారలేదు. అదే కాలేజీ, అవే పీరియడ్లు, కిటికీ పక్క అదే కుర్చీ. కానీ నెట్ సెంటర్ ఇప్పుడు తాడిపత్రిలోనే వచ్చింది. ఒకరోజు ఆమెకు కొరియా నుంచి మెయిల్ వచ్చింది. అక్కడ ఎవరో కుర్రవాళ్లు ఇలాంటి పనే చేస్తూ, వీళ్ల నిరూపణ చూసి, తమ సిద్ధాంతంలో ఏ భాగం నిలబడదో ముందే తెలుసుకున్నారట. కృతజ్ఞతలు చెప్పి, రెండు సందేహాలు అడిగారు. వాటికి జవాబు రాయడానికి మహేశ్వరికి వారం పట్టింది. ఆ వారమంతా ఆమె క్లాసులో పిల్లలకు కూడా కలిసొచ్చింది, ఒక్క టెస్టు పెట్టలేదు.

రెండువేల ఐదు భౌతికశాస్త్ర సంవత్సరం. అనంతపురం రేడియో వాళ్లు కాలేజీల నుంచి ప్రసంగాలు అడిగారు. మహేశ్వరి పేరు ఇచ్చాం. తెలుగులో చెప్పాలి, ఫిజిక్స్ చదవనివాళ్లకు అర్థం కావాలి. అప్పుడు మాత్రం నాకు పని పడింది. వారం రోజులు ఇద్దరం కూర్చుని ఒక్కో మాటా చూసుకున్నాం. నేను గ్రాంథికంగా ఒక మాట వేస్తే ఆమె కొట్టేసేది. "మా నాయనకు అర్థం కావాల అక్కా. ఆయనకు అర్థమైతే అందరికీ అయినట్టే." ద్రవ్యరాశి మీద పెద్ద గొడవ జరిగింది. చివరికి ఒకసారి ద్రవ్యరాశి అని చెప్పి, అక్కడినుంచి బరువు అనడానికి రాజీ పడ్డాం.

ప్రసారం ఒక సాయంత్రం, ఫ్యాక్టరీ వదిలే వేళకు. మేమిద్దరం కాలేజీ నుంచి నేరుగా అక్కడికే వెళ్లాం. కదిరప్ప అప్పటికే మిషన్లు ఆపించి, ట్రాన్సిస్టరును పాలిష్ అయిన బండల దొంతర మీద పెట్టాడు. పనివాళ్లు చేతులు కడుక్కోకుండానే చుట్టూ చేరారు. అందరి చేతులూ మోచేతుల దాకా బూడిద రంగులో ఉన్నాయి. యేసన్న మాత్రం మొహం కడుక్కుని, తల దువ్వుకుని ఉన్నాడు.

రేడియోలో మహేశ్వరి గొంతు వస్తుంటే పక్కన నిలబడ్డ మహేశ్వరి తల దించుకుంది. మనలోంచి ఇప్పుడే, ఈ క్షణంలోనే లెక్కలేనన్ని దూరిపోతున్నాయని చెప్పినప్పుడు ఒకాయన తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. అయిపోయాక కదిరప్ప రేడియో ఆపి, "బాగా చెప్పినావు పాపా," అన్నాడు. ఎగతాళి చేస్తాడని నేను అనుకున్నాను.

యేసన్న ఆలోచిస్తున్నాడు. "అంతా బాగుండాది," అన్నాడు చివరికి. "కానీ కడాకు జవాబు చెప్పకుండానే నిలిపేసినావే."

"జవాబు ఇంకా దొరకలేదు నాయనా."

"ఎవురికీనా?"

"ఎవురికీ."

"మరి వెతుకుతాండారా?"

"శానామంది వెతుకుతాండారు. నేను కూడా."

ఆయన తలూపాడు. ఆ జవాబు ఆయనకు తృప్తిగానే ఉన్నట్టుంది. చొక్కా మార్చుకోవడానికి షెడ్డు లోపలికి పోతూ వెనక్కి తిరిగి, "దొరికినంక రేడియో వాళ్లు మళ్లా పిలుస్తారా?" అని అడిగాడు.

మహేశ్వరి నవ్వింది. పిలుస్తారేమో అంది. తర్వాత నాతో, రేపు శనివారం కదా, నరసింహప్ప సార్‌కు కొత్త లెక్క చూపించాలి, నువ్వు కూడా వస్తావా అక్కా అని అడిగింది. వస్తానన్నాను.